గంట మ్రోగించు చేయి: ఘానాదేశపు విజ్ఞానస్పర్ధ

విద్య యేకాంతమున నభ్యసింపబడినను సభలో పరీక్షింపబడవలెనని మన పెద్దలు తలంచిరి. అవధాని నడుమ గూర్చుండగా పృచ్ఛకులు చుట్టును జేరి సమస్యల నిచ్చుటయు, నిషిద్ధాక్షరి నొసగుటయు, మధ్యమధ్య గంటలు గొట్టి తుదకు లెక్క చెప్పుమనుటయు మన తెలుగువారికి చిరపరిచితమైన వేడుక. అట్టి సభలో గెలిచినవానికి ఊరంతయు జేజేలు పలుకును. తడబడినవాడు మరల చదువుకొని మరుసటి సభకు వచ్చును. ఇట్టి సభనే కావ్యములకు బదులు గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము విషయములుగాను, పండితులకు బదులు ఉన్నతపాఠశాలల బాలబాలికలు వాదులుగాను జేసి, యేటేట ఒక దేశమంతయు టెలివిజను ముందు గూర్చుండి చూచుచున్నదనిన మీకు వింతగా దోచవచ్చును. అది ఆఫ్రికాఖండమున పడమటి సముద్రతీరముననున్న ఘానాదేశము. ఆ సభ పేరు జాతీయ విజ్ఞాన గణిత క్విజ్జు.

ఘానా మనకు దూరదేశమే. ఒకప్పు డాంగ్లేయుల యేలుబడిలో బంగారుతీరమను పేర బరగి, 1957 సంవత్సరము మార్చి 6 వ తేదీన స్వాతంత్ర్యమును బడసినది. మన పిల్లలు మక్కువతో దిను చాకొలెట్టునకు మూలమగు కోకోగింజలను విశేషముగా పండించు దేశములలో నిది యొకటి. అచ్చటి ఉన్నతపాఠశాలలలో పెక్కింట విద్యార్థులు వసతిగృహములలో నుండి చదువుదురు. 2017 సెప్టెంబరు మొదలుకొని ప్రభుత్వోన్నతపాఠశాలలలో జీతము గైకొనకుండ చదువు చెప్పుచున్నారు.

ఈ స్పర్ధ 1993 లో నారంభమైనది. ప్రైమ్‌టైమ్ అను సంస్థను నడపుచుండిన క్వాకు మెన్సా-బోన్సుగారికి టెన్నిసు మైదానమున విశ్వవిద్యాలయాచార్యుల సాంగత్యములో నుండగా నీ యూహ తట్టెనని చెప్పుదురు. విజ్ఞానశాస్త్రములన్న యువజనులు బెదరి దూరముగా దొలగుచుండుటయే దానికి గారణము. బంతియాటను జూచుటకు వేలకొలది జనము గూడుదురుగదా, లెక్కను జూచుటకు మాత్ర మేల గూడరాదు? ఆ ప్రశ్నకు ఘానాదేశము ముప్పదియేండ్లకు పైగా నుత్తరము చెప్పుచునే యున్నది. స్పర్ధాదినమున విద్యార్థులును, తల చక్కగా నెరసిన పూర్వవిద్యార్థులును తమ పాఠశాల రంగుల దుస్తులు దాల్చి వచ్చి, డప్పులు మ్రోగించుచు, జామా యను పాటలు గుంపులుగా బాడుచు దమవారిని బ్రోత్సహింతురు. ఒక సమీకరణము సాధింపబడగానే సభామందిరము దద్దరిల్లును. చదువునకు దిరునాళ్లు చేసినట్లుండును.

ఇక స్పర్ధ నడచు తెరంగును వినుడు. ఒక్కొక్క సభలో మూడు పాఠశాలలు తలపడును. ప్రతి పాఠశాల పక్షమున నిద్దరేసి విద్యార్థులు వేదికపై గూర్చుందురు. స్పర్ధ యైదంకములుగా సాగును. మొదటి యంకమున మూలసూత్రములనుగూర్చి యొక్కొక్కరిని వరుసగా ప్రశ్నింతురు. సరియైన యుత్తరమునకు మూడు మార్కులు. రెండవది వేగపుపందెము. ఇందు వంతు లేదు. ఎవరికి దెలిసినచో వారు ముందుగా గంట మ్రోగించి చెప్పవలయును. ఒప్పైనచో మూడు మార్కులు వచ్చును. తప్పైనచో నొక మార్కు పోవును. మూడవ యంకమున మూడు పక్షములకును ఒకే కఠినసమస్య నిచ్చి, కొలదినిమిషములలో సాధింపుమందురు. దానికి పది మార్కులు. నాలుగవది నిజమా, కాదా అను నంకము. ఒక వాక్యమును జదివి యది నిజమో కాదో తేల్చి చెప్పుమందురు. ఒప్పైనచో రెండు మార్కులు, తప్పైనచో నొకటి పోవును. చెప్పజాలక విడిచినచో నా ప్రశ్న తరువాతి పక్షమునకు బోవును.

కడపటి యంకము మన మందరము చిన్ననాట నానందించినదే. అది పొడుపుకథల యంకము. ఒక వస్తువు తన్నుగూర్చి తానే చెప్పుకొనుచున్నట్లు ఆనవాళ్లు నొకటొకటిగా జదువుదురు. మొదటి యానవాలుతోనే విప్పినవారి కైదు మార్కులు, రెండవదానితో విప్పిన నాలుగు, ఆ పిమ్మట నైనచో మూడు. మచ్చునకు నేనే యొకటి గట్టి చెప్పెదను. "నేనొక లోహమును, కాని ప్రకృతిలో నెన్నడు నొంటిగా గానరాను" అనునది మొదటి యానవాలు. దీనికి సరిపడు లోహములు పెక్కు గలవు. "1808 లో హంఫ్రీ డేవీ యను ఆంగ్లశాస్త్రజ్ఞుడు విద్యుచ్ఛక్తిచేత నన్ను విడదీసెను" అనునది రెండవది. ఇంకను రెండుమూడు లోహములు మిగులును. "నా పరమాణుసంఖ్య 20" అనగనే చదువుకొన్న పిల్లలు గంట మ్రోగింతురు. "మీ యెముకలలోను దంతములలోను నున్నాను, తమలపాకుపై సున్నములోను నున్నాను" అనునప్పటికి మన యవ్వలును చెప్పగలరు. అది కాల్షియము. చూచితిరా, ప్రశ్న మొదటినుండి తుదవరకు నొక్కటే. మారుచున్నది ధైర్యమునకు గట్టిన వెల మాత్రమే.

ముందు వడపోత లైన పిదప 81 పాఠశాలలు మిగులును. మూడేసి చొప్పున తలపడగా 27 నిలుచును. అవి మరల తలపడగా 9, ఆపై 3, తుద కొక్కటి. మూడును మూటితో మూడుమారులు హెచ్చించినచో వచ్చు సంఖ్య యెనుబదియొకటి. స్పర్ధయొక్క కట్టడియే యొక గణితపాఠము.

ఇంతవరకు నేను ప్రశ్న లడుగువారి నెవ్వరో చెప్పనైతిని. అదియే మన స్త్రీలకు ముఖ్యముగా వినదగిన సంగతి. ఆ స్పర్ధ పుట్టిననాటినుండియు నా పీఠమున గూర్చుండినవారందరును స్త్రీలే. మొదటి పృచ్ఛకురాలు మేరియన్ ఎవురామా ఆడీగారు. 1942 లో జన్మించిన యామె జీవరసాయనశాస్త్రమును జదివి, ఘానా విశ్వవిద్యాలయమున బోధించి, ప్రకృతిశాస్త్రములలో పూర్ణాచార్యపదవి నందిన ఘానాస్త్రీలలో ప్రథమురాలైనది. ఆమె పరిశోధన మన యిండ్లకు దూరమైనది కాదు. ఆ దేశపు నాటువైద్యులు ఉబ్బసమునకు వాడు డెస్మోడియమ్ అను మొక్క నిజముగా బనిచేయునా, చేసినచో నెట్లు చేయును అని యామె శోధించినది. దశమూలములలో నొకటిగా మన యాయుర్వేదము చెప్పు శాలపర్ణి యా జాతిదే. ఆకుపసరులను మూఢవిశ్వాసమని త్రోసివేయక, గ్రుడ్డిగా నమ్మక, పరీక్షించి తెలిసికొనుట యామె మార్గము.

1993 మొదలు 2000 వరకు నామె యీ స్పర్ధలో ప్రశ్న లడిగినది. విజ్ఞానమును బ్రజలలో వ్యాపింపజేసినందులకు యునెస్కో సంస్థ 1999 లో నామెకు కళింగబహుమాన మిచ్చినది. ఆ పేరు వినగనే మీరు తలయెత్తియుందురు. అది మన కళింగమే. ఒరిస్సాకు జెందిన బిజూ పట్నాయకుగారి దానముతో 1951 లో నేర్పడిన యీ బహుమానమును 1996 లో మన జయంత నార్లీకరుగారును పొందిరి. ముఖలింగము, కళింగపట్టణము గల మన శ్రీకాకుళపుసీమయు నొకనాడు కళింగమున భాగమే గదా! ఆ నేలపేర వెలసిన గౌరవము సముద్రముల దాటి, పిల్లలను లెక్క లడిగిన యొక యాఫ్రికా తల్లిని జేరినది. ఆడీగారు 2014 లో గాలధర్మము నొందిరి. ఆమె వెనుక వృక్షశాస్త్రజ్ఞురాలగు యురేకా ఎమెఫా అడొమాకోగారు 2001 నుండి 2005 వరకును, 2006 మొదలుకొని ఎల్సీ ఎఫా కౌఫ్‌మన్‌గారును ఆ పీఠము నలంకరించిరి. కౌఫ్‌మన్‌గారు ఘానా విశ్వవిద్యాలయమున వైద్యోపకరణములకు సంబంధించిన ఇంజనీరింగు శాఖను నెలకొల్పిన విదుషి. యంత్రము, లెక్క, శరీరము అను మూటిని గలిపి యాలోచించు శాస్త్రమది. ముప్పదియేండ్లుగా ఘానాలో నే బాలిక టెలివిజను ముందు గూర్చుండినను ఆమె కన్నులకు గానబడునది విద్యాధికురాలైన స్త్రీ. ఆమె మాట ఒప్పన్న నొప్పు, తప్పన్న దప్పు.

శంకరాచార్యులకును మండనమిశ్రునకును వాదము జరుగగా ఉభయభారతి మధ్యస్థురాలై కూర్చుండెనన్న కథ మీరందరు వినినదే. పతియొకవంక, యతియొకవంక నుండగా న్యాయము చెప్పదగినంత విద్య యామెకు గలదని సభ యంగీకరించినది. కాని యా కథ యంతటితో ముగియలేదు. పతి యోడినపిదప ఆమె మధ్యస్థపీఠమును దిగి, తానే వాదమునకు నిలిచినది. ఈ రెండవభాగమును మనము తరచుగా మరతుము. తీర్పు చెప్పు పీఠము గౌరవమైనదే. అయినను గెలుపోటములు గల యాసనమున గూర్చుండుట వేఱు.

ఘానాదేశపు స్పర్ధలో నీ రెండవభాగ మింకను బూర్తి గాలేదు. 1993 మొదలు 2024 వరకు జరిగిన స్పర్ధలలో బాలికలకు మాత్రమే యేర్పడిన పాఠశాల యొక్కటియు ప్రథమస్థానము నందలేదు. గెలిచినవి చాలవరకు బాలుర పాఠశాలలే. అక్రానగరపు లెగాన్ ప్రాంతమందలి ప్రెసెక్ పాఠశాల 2023 నాటికి ఎనిమిదిమారులును, కుమాసీయందలి ప్రెంపే కళాశాల 2021 నాటికి ఐదుమారులును గెలిచినవి. 2024 లో గెలిచిన మ్ఫాంట్సిపిమ్ పాఠశాల 1876 లో స్థాపింపబడినది. ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శిగా నుండిన కోఫీ అన్నన్‌గారు చదివినది యందే. కేప్‌కోస్టు పట్టణపు వెస్లీ బాలికల పాఠశాల వంటివి చదువులో దేశమంతట పేరొందినవి. అక్కడి బాలికలకు తెలివి చాలదని యెవ్వరు ననజాలరు. ప్రశ్నించునది స్త్రీ, గెలుచునది మాత్రము బాలురు. ఇదేల యని యోచింపవలసియున్నది.

ఆ యోచనకు 2021 నాటి తుదిస్పర్ధ కొంత వెలుగు నిచ్చును. ఆ యేడు వోల్టామండలమునుండి కేటా యను నూరి పాఠశాల తుదిస్పర్ధకు వచ్చినది. ఆ మండలమునుండి యంతకుముందు మఱియే పాఠశాలయు నంతదూరము రాలేదు. కేటా సముద్రమునకును ఉప్పునీటిసరస్సునకును నడుమ నిసుకపట్టీపై నిలిచిన యూరు. అలలు దానిని కోయుచునే యుండును. ఆ నవంబరుమాసముననే సముద్రము పొంగి యా ప్రాంతమున వేలమందిని నిలువనీడ లేనివారిని జేసినది. అట్టి యూరి పాఠశాల జట్టులో నొక బాలిక యుండెను. ఎనిమిది సంవత్సరములలో తుదిస్పర్ధయందు గూర్చుండిన మొదటి బాలిక యామెయే. ఆనాడు ప్రెంపే గెలిచినది, ప్రెసెక్ రెండవదైనది, కేటా మూడవదైనది. కాని దేశము గెలిచినవారితో సమానముగా నా బాలికపేరు దలచుకొనినది. ఆమె గంట మ్రోగించుటను లక్షలమంది చూచిరి.

గంట మ్రోగించుటలో నేమున్నదందురా? నా భర్తగారు ఉపాధ్యాయులగుటచే నిట్టి చిన్నస్పర్ధలను గొన్నిటిని నేనును జూచితిని. ఒకనాడు పాఠశాలల నడుమ జరిగిన పోటీలో ఒక బాలిక ముందు వరుసలో గూర్చుండియుండెను. పర్వతశిఖరమున బియ్య ముడుకుట యేల యాలస్యమగునని ప్రశ్న. ఆ పిల్లకు సమాధానము తెలియును. పెదవులు గదలుచునే యున్నవి. అయినను ముందుగా దన యుపాధ్యాయునివైపు చూచినది, పిమ్మట ప్రక్కనున్న బాలునివైపు చూచినది. ఆ రెండు చూపుల నడుమ నెదిరిజట్టువారు గంట మ్రోగించి, గాలియొత్తిడి తగ్గుటచే నీరు తక్కువ వేడిమికే మరుగునని చెప్పివేసిరి. సభ ముగిసినపిదప నామె తల్లి బిడ్డను దగ్గరకు దీసికొని, "పోనీలేవే తల్లీ, తప్పు చెప్పి నలుగురిలో నవ్వులపాలు కాలేదు, అదే పదివేలు" అన్నది. ఆ తల్లి ప్రేమతోనే యన్నది. మనమందరము మన బిడ్డల నట్లే యోదార్చుచుందుము. కాని యా మాటలో నెంత లెక్క దాగియున్నదో చూడుడు.

ఘానా స్పర్ధయొక్క వేగపుపందెములో నొప్పునకు మూడు మార్కులు వచ్చునని, తప్పునకు నొకటి పోవునని చెప్పితిని. నాలుగుమారులు గంట మ్రోగించి మూడుమారులు తప్పి, ఒక్కమారు మాత్రమే యొప్పు చెప్పిన పిల్లకు వచ్చినవి మూడు, పోయినవి మూడు. ఆమె చేతిలో మిగిలినది సున్న. నోరు మెదపక కూర్చుండిన పిల్లకును మిగిలినది సున్నయే. అనగా నాలుగింట మూడు తప్పినదాని కంటె మౌనముగా నున్న పిల్ల యధికురాలు కాదు. నాలుగింట రెండు చెప్పగలిగినదేని నామెకు నాలుగు మార్కులు లాభము. నిజమా, కాదా యను నంకములోను నిట్లే: రెండింట నొకటి యొప్పి యొకటి తప్పినను ఒక మార్కు మిగులును. తప్పునకు శిక్ష గలదు గాని, తెలిసి పలుకుటకు గల ఫలము దానికంటె హెచ్చు. స్పర్ధను గట్టినవారు తూచి నిర్ణయించిన ధర్మ మిది.

మన యిండ్లలో నాడపిల్లలకు మనము గట్టిన ధర్మమో? ఒప్పు చెప్పినచో "సరేలే, గడుసుది" యందుము. తప్పు చెప్పినచో నది పెండ్లినాటి వరకు జెప్పుకొందుము. కొడుకు తప్పు చెప్పిన "మగపిల్లవాడు, నేర్చుకొనును" అని నవ్వుదుము. కూతురు తప్పు చెప్పిన "తెలియనిచో నూరకుండరాదా" యని కసరుదుము. ఇట్లు పదునైదేండ్లు పెంచి, పదునారవయేట వేదికపై గూర్చుండబెట్టి గంట మ్రోగింపుమన్న నా చేయి యెట్లు లేచును? బిడ్డకు లెక్క రాక కాదు. లెక్క తప్పునన్న భయము లెక్కకంటె ముందుగా నేర్పితిమి.

2023 తుదిస్పర్ధలో నొక వింత జరిగినది. బ్రిల్లా యను కృత్రిమమేధను ఘానావారు కొందరు నిర్మించి, మార్కుల లెక్కలో జేరకుండ ప్రక్కన నుంచి, పొడుపుకథలను వినిపించిరి. నాలుగు పొడుపుకథలలో నొకదానిని అది విద్యార్థులందరికంటె ముందే విప్పినది. యంత్రమునకు సిగ్గు లేదు, తప్పినచో నేమనుకొందురో యన్న శంక లేదు, ప్రక్కవానివైపు చూడదు. మన బిడ్డలను యంత్రములను జేయుమని నేను చెప్పను. అయినను తెలిసిన పిల్ల నోరుమూసికొని యుండగా తెలివియే లేని యినుపపెట్టె ముందుగా బలుకు కాలము వచ్చినదని తల్లులు గ్రహింపవలెను.

ఇట్టి స్పర్ధలపై నాక్షేపణలు లేకపోలేదు. వేగమే విద్యయా? నెమ్మదిగా యోచించు బిడ్డకు స్థానమేది? పుస్తకమును వల్లించినంతమాత్రమున శాస్త్రజ్ఞు డగునా? ప్రయోగశాలలు, పూర్వవిద్యార్థుల ధనసహాయము గల ప్రాచీనపాఠశాలలే మాటిమాటికి గెలుచుట న్యాయమా? ఈ ప్రశ్నలు తగినవే. ఆడీగారు ఒక మొక్కయొక్క గుణమును దెలిసికొనుట గంట మ్రోగించినంతలో నైనపని కాదు. ఏండ్లతరబడి చేసిన శోధన యది. క్విజ్జు పంట కాదు, ఏరువాకనాటి సంబరము మాత్రమే. ఆ తరువాతి దుక్కియు, కలుపుదీతయు, కాపును బడిలోను ప్రయోగశాలలోను జరుగవలసినవి. కాని సంబరము లేని యూరిలో దున్నుట కుత్సాహమెక్కడిది? ఒక బీదయూరి బిడ్డ లెక్క చేయగా దేశమంతయు జూచి చప్పట్లు కొట్టుట చిన్నసంగతి కాదు.

మన వాఙ్మయమున నీ విషయమునకు దృష్టాంత మొకటి గలదు. బృహదారణ్యకోపనిషత్తులో జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుని బ్రశ్నింపగా, నాతడు హద్దుమీరి యడుగవలదు, తల పడిపోవునని యామెను నివారించెను. గార్గి యూరకుండెను. మన యిండ్లలో నాడపిల్లకు జెప్పు కథ యింతవరకే యైనట్లుండును. కాని యుపనిషత్తు ఇంకను సాగుచున్నది. కొంతసేపటికి గార్గి మరల లేచి, సభవారి యనుమతి గైకొని, విలుకాడు రెండు బాణముల జేబూని నిలిచినట్లుగా రెండు ప్రశ్నలతో నిలిచెను. ఈమారు యాజ్ఞవల్క్యు డుత్తరము చెప్పెను. దానిని విని, యీతనిని జయింపజాలరని సభకు దెలిపినదియు నామెయే. ఒకమారు నోరు మూయింపబడిన పిదప మరల లేచి నిలిచిన స్త్రీ గార్గి. ఆమె పేరు బిడ్డలకు బెట్టుకొందుము. ఆమె రెండవమారు లేచుటను మాత్రము నేర్పము.

ఘానాదేశపు టెలివిజను స్పర్ధ వంటిది మన యూర నెన్నడు వచ్చునో చెప్పజాలము. కాని యొక చిన్నసభను మన వంటయింటి గడపలోనే చేసికొనవచ్చును. రాత్రిభోజనములు ముగిసి గిన్నెలు సర్దిన పిదప, పావుగంటకాలము కొడుకులను కూతులను ఒకేవరుసను గూర్చుండబెట్టుడు. పూజగదిలోని చిన్నగంటను వాడవద్దందురేని యొక చెంబును గరిటెను ముందుంచుడు. అది మ్రోగిన జాలును. పెద్దగ్రంథము లక్కరలేదు, మన చేతిలోని పనులే ప్రశ్నలు. ఉప్పు వేసిన నీరు ఉప్పు లేని నీటికంటె ముందుగా మరుగునా? కాదు, కొంచెము హెచ్చు వేడిమి గావలయును. పాలు తోడుకొనుట యేల? తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చుటచే. మంచుగడ్డ నీటిపై దేలుట యేల? నీరు గడ్డకట్టునప్పుడు వ్యాకోచించి, అదే పరిమాణపు నీటికంటె దేలిక యగుటచే. సున్నపురాళ్లపై నీరు పోసినచో నేల పొగలు గ్రక్కును? సున్నమును నీరును గలసి క్రొత్తపదార్థమగునప్పుడు వేడి వెలువడుటచే.

మార్కులను ఘానావారివలెనే వేయుడు: ఒప్పునకు మూడు, తప్పున కొకటి తక్కువ. ఆడపిల్ల తప్పు చెప్పిననాడు నవ్వకుడు, ఇతరులను నవ్వనీయకుడు. ఎందువలన దప్పినదో యామెచేతనే చెప్పింపుడు. మీకు దెలియని ప్రశ్న వచ్చినచో "రేపు తెలిసికొని చెప్పెద" ననుడు. తల్లి తెలియదనుట బిడ్డకు గొప్పధైర్యము. వారమున కొకమారు బిడ్డలే ప్రశ్నలు కట్టి మిమ్ము నడుగునట్లు చేయుడు. అడుగుటయు జెప్పుటయు రెండును వచ్చిన బిడ్డకు సభాభయ ముండదు.

మనలో ననేకులము పెద్దలసమక్షమున నోరెత్తక పెరిగినవారము. మన చేతులు వంటకును, కుట్టుపనికిని, వ్రాతకును అలవడినవే గాని గంట మ్రోగించుట కలవడలేదు. అయినను మన బిడ్డ చేయి మన చేతిలోనే పెరుగుచున్నది. ఆ చేతిని పట్టి యాపకుడు.